చెరువు నడుమ విజిల్

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా మళ్లీ శామీర్‌పేట చెరువులో వల వేయను. నా బతుకే అది... ఊరికే ఒట్టు వేయడం లేదు.

పోయిన వానాకాలం. అప్పుడే చీకటి పడింది. గాలివాన. నేనూ, నా బావమరిది మల్లేశూ పడవను గట్టుకు కడుతున్నాం. అప్పుడు వినబడింది... విజిల్. సన్నగా, మూడుసార్లు. ఆగింది. మళ్లీ మూడుసార్లు.

"బావా, ఎవలో ఆపదల ఉన్నరు. జల్దీ పోదాం," అన్నాడు మల్లేశు.

పోలీసులకు ఫోన్ చేశాను. ఇద్దరం లైఫ్ జాకెట్లు తొడుక్కున్నాం. గాలి నింపిన ట్యూబు, తాడు పడవలో వేసుకుని కదిలాం.

టార్చి వేస్తే వాన తప్ప ఏమీ కనబడదు. తెడ్డు ఆపడం... వినడం... అటు తిప్పడం. చెరువు నడుమకు వచ్చాక విజిల్ ఎంత దగ్గరగా మోగిందంటే, అచ్చం చెవిలో ఊదినట్టే.

టార్చి తిప్పాం. బోల్తాపడ్డ తెప్ప. దాన్ని పట్టుకుని ఒక మనిషి. లాల్‌గడి మలక్‌పేట యాదగిరి, మాలాగే చేపలు పట్టేవాడు. ఒంటి మీద జాకెట్ లేదు.

ట్యూబు విసిరాం. పడవ ఒరగకుండా మల్లేశు ముందువైపు కూర్చున్నాడు. నేను వెనకనుంచి అతన్ని పైకి లాగాను.

"నువ్వు విజిల్ ఊదకపోతే చెయ్యి ఇడిసిపెడ్తుంటి అన్నా," అన్నాడు యాదగిరి.

"ఊదింది నువ్వు గదా తమ్మీ?"

"నా దగ్గర యాడిది? మీరే వస్తున్నరనుకున్న... గా సప్పుడు ఇనుకుంటనే పట్టుకొని ఉన్న."

నా లైఫ్ జాకెట్‌తో వచ్చిన విజిల్ తడిమి చూశాను. జేబులోనే ఉంది. మల్లేశుదీ అంతే. పడవలో వాన పడుతున్న చప్పుడు...

మళ్లీ మోగింది. మూడుసార్లు. ఈసారి మా వెనక... దూరంగా.

"నీతోని ఇంకెవలన్న వచ్చిన్రా?"

"లేదన్నా. నేనొక్కన్నే."

అటు వెళ్లాలా? యాదగిరి మాట ముద్దగా అయిపోతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి. ఆలస్యమైతే మనిషి దక్కడు. పడవ గట్టువైపు తిప్పాను.

అతన్ని అంబులెన్సు ఎక్కించి, వెంటనే పోలీసులతో కలిసి మళ్లీ వెళ్లాం. తెల్లవారేదాకా వెతికాం. మర్నాడూ వెతికాం. ఏమీ దొరకలేదు. అలియాబాద్‌లో అడిగాం, చుట్టుపక్కల ఊళ్లన్నీ అడిగాం. తప్పిపోయినవాళ్లే లేరు.

యాదగిరి బతికాడు. మల్లేశు అది దేవుడే అంటాడు. అయి ఉండొచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టదు. ఆ రాత్రి యాదగిరిని గట్టుకు తెస్తున్నంతసేపూ ఆ విజిల్ ఆగలేదు... మూడుసార్లు, మూడుసార్లు... మా పడవ దూరమైన కొద్దీ ఇంకా గట్టిగా.