మడ్‌ఫ్లాపులు బిగించిన పూట

మా బావకి పికప్ మీదున్న ప్రేమ మా అక్క మీద కూడా లేదని ఇంట్లో అందరం ఎగతాళి చేసేవాళ్ళం. రెండువేల మూడో నాలుగో సంవత్సరం అనుకుంటాను, టెక్కలిలో ఎవరో పాత బండి అమ్మేస్తుంటే కొన్నాడు. ఉద్దానం ఊళ్ళలోంచి జీడిపిక్కలు పలాసకి, కొబ్బరికాయలు సోంపేటకి, ఎప్పుడైనా బారువ నుంచి ఎండుచేపలు తోలేవాడు. కొన్న నెలకే దానికి వెడల్పాటి టైర్లు వేయించాడు. అవి బాడీ దాటి బయటికొచ్చాయి. వాన పడితే చాలు, ఎర్రమట్టి పక్కలకి అద్దాలదాకా, వెనక వచ్చేవాళ్ళకి మొహాలదాకా ఎగిరేది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని అక్క విసుక్కునేది, విసుక్కుంటూనే బండి కడగడానికి బకెట్ అందించేది.

ఆ వానాకాలం ఒకరోజు బండికి మడ్‌ఫ్లాపులు వేయించాలని బావా నేనూ పలాస బయల్దేరాం. అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"తమ్ముడా, బండి పని తరవాత. ముందు రగతం టెస్టు సేయించు. మీ బావ కాళ్ళు సూసినావా? సాయంత్రమయ్యేసరికి పొంగిపోతన్నాయి. నానడిగితే కసురుకుంటన్నాడు. నువ్వు సెప్తే ఇంటాడు."

"సేయిత్తానక్కా" అన్నాను.

కాళ్ళ వాపు అంటే మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి లేదు. వేరే ఊళ్ళలో పంటెంత అని అడిగినట్టు మా దగ్గర రక్తంలో క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు. బావ వాళ్ళ అన్నయ్య ఆ జబ్బుతోనే పోయాడు. రిపోర్టు వచ్చేముందు రోజుదాకా కొబ్బరిచెట్లెక్కిన మనిషి, వచ్చిన వారానికి మంచమెక్కాడు. అప్పట్నుంచీ మా బావ లెక్క ఒకటే. జబ్బు ఒంట్లోంచి రాదు, కాగితంలోంచి వస్తుంది. వినేవాళ్ళకి నవ్వొస్తుందేమో గానీ, మా ఊరి మగాళ్ళు సగంమంది ఆ నమ్మకంతోనే ల్యాబు మెట్టు ఎక్కకుండా తిరిగారు. నేను నాలుగక్షరాలు చదువుకున్నవాణ్ణి కదా, వాళ్ళని చూసి తెగ మండిపడేవాణ్ణి.

పలాసలో బండి సామాన్ల కొట్టుకి చేరేసరికి పదిన్నర. ల్యాబు అదే రోడ్డులో నాలుగు కొట్ల అవతల. మధ్యాహ్నం ఒంటిగంటకి మూసేస్తారు.

"ముందు లేబుకెల్దాం బావా."

"బండి అప్పజెప్పీసి ఎల్దాం. ఆడు బిగిత్తంటే మనం అది సూసుకుందాం" అన్నాడు. సబబుగానే అనిపించింది.

కొట్టాయన మడ్‌ఫ్లాపులు తీసి చూపించాడు. నల్లటి దళసరి రబ్బరు రేకులు, చక్రం వెనక వేలాడేవి. అవి చూపించి ఊరుకోక, లోపల్నుంచి ఇంకొకటి తెచ్చాడు. చక్రం పైన అంచుకి వంపుగా బిగించే పట్టీలు. ఫెండర్ ఫ్లేర్లంటారు, విశాఖపట్నం నుంచి కొత్తగా తెప్పించానన్నాడు. ఒకటి తీసి చక్రానికి ఆనించేసరికి మా పాత బండికి కనుబొమ్మలు దిద్దినట్టయింది. నా మనసు దానిమీద పడిపోయింది.

"టైర్లు బయటికొచ్చినాయి కదా బావా, వీటికి ఇదే మందు. పక్కలకి ఒక్క చుక్క ఎగరదు. బండి కూడా సోకుగా ఉంటాది."

"సోకు మనకి. ఎనకాల సైకిలు మీదొచ్చేవోడి మొకం మీద పడితే ఆడికేటి సోకు? నాకు ఫ్లాపులే గావాల."

ఇంటి దగ్గరే ఫ్లాపులని తేల్చుకుని వచ్చిన మనిషి. కానీ నేను పట్టీల గురించి వేడెక్కి మాట్లాడుతుంటే కాస్త మెత్తబడ్డాడు. "ఏదీ, మరోపాలి సెప్పు" అన్నాడు. ముందు చక్రానికి పెట్టించి చూశాడు. వెనక చక్రానికి పెట్టించాడు. రోడ్డవతలికెళ్ళి చూసొచ్చాడు. టీ తెప్పించాడు. నా మాటకి బావ అంత విలువివ్వడం అదే మొదలు. పొంగిపోయి ఇంకా వాదించాను.

పన్నెండుంబావుకి కొట్లో గడియారం చూశాను. అప్పుడు వెలిగింది నాకు. అతనికి పట్టీలూ అక్కర్లేదు, నా సలహా అంతకన్నా అక్కర్లేదు. ఒంటిగంట కావాలి. ఆ మాట మొహమ్మీద అనేసి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సింది. నేనేమన్నానో తెలుసా? "ఇంకోపాలి పెట్టి సూద్దాం బావా" అన్నాను. ఆ కాగితమంటే నాకూ భయమే. ఎదటివాళ్ళ మీద మండిపడినంత సులువుగా నేను ల్యాబు గుమ్మం తొక్కలేకపోయాను.

చివరికి ఫ్లాపులే ఖాయమయ్యాయి. బిగించడం అయ్యాక, దిష్టి తగలకుండా వెనకాల పాత చెప్పొకటి కట్టుకోమన్నాడు కొట్టాయన. మా వైపు అందరూ కట్టేదే. బావ తన కుడికాలి చెప్పు విడిచి అందించాడు.

"ఇది కట్టీయండి. వానకి నాని బిగిసిపోనాది, కాలికి పట్టట్లేదు."

అది రబ్బరు చెప్పు. రబ్బరు నానితే బిగుసుకోదని మా ముగ్గురికీ తెలుసు.

అతని పాదం మీద చెప్పు పట్టీ అచ్చు ఎర్రగా, లోతుగా దిగి ఉంది. బావ వంగి దాని పక్కన బొటనవేలితో నొక్కుకున్నాడు. సొట్ట పడింది. అది పైకి లేస్తుందేమోనని ఇద్దరం చూశాం. లేవలేదు. బావ తలెత్తి నా వైపు చూశాడు. అతని కళ్ళల్లో అంత బెరుకు నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకా పావుగంటుంది బావా" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"ఒంటి సెప్పుతో ఏటెల్తాం?" అని పక్కనున్న చెప్పుల కొట్లోకి వెళ్ళిపోయాడు.

నేను రోడ్డు మీదే నిలబడ్డాను. ఒక సైజు పెద్ద చెప్పులేసుకుని అతను బయటికొచ్చేసరికి ల్యాబు షట్టరు దించేశారు. ఆ షట్టరు చూసి నాకు హాయిగా అనిపించింది. అందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

తిరుగుదారిలో సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. గతుకు వచ్చినప్పుడల్లా వెనకనుంచి ఆ చెప్పు బండికేసి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అక్క గుమ్మంలోనే ఉంది. "సేయించినావా?"

బావ మాకు వీపు పెట్టి, బాగానే బిగించిన ఫ్లాపుని మళ్ళీ సరిచేస్తున్నాడు. ఏం చెబుతానోనని అతని చేతులు ఆగిపోయాయి.

"సేయించానక్కా. బాగానే ఉందన్నాడు లేబోడు."

అక్క రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ పూట ఎండుచేపల పులుసు వండి, నా కంచంలో రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

జీడిమామిడి పూతకొచ్చే వేళకి బావకి ఆయాసం పట్టుకుంది. అదే పికప్‌లో పరుపేసి విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని డాక్టరు కేకలేశాడు. "అప్పుడే టెస్టు సేయించినాం బాబూ, బాగుందన్నారు" అంది అక్క. కాగితమేదన్నాడు డాక్టరు. అక్క నా వైపు తిరిగింది. పారేసుకున్నానన్నాను. మంచమ్మీంచి బావ అంతా విన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ వానలు పడేదాకా అతను ఉండలేదు.

ముందే తెలిసుంటే బతికేవాడా అంటే నాకు తెలీదు. ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో. అక్క మాత్రం బతికేవాడనే అంటుంది. పలాస వెళ్ళినప్పుడల్లా ఆ ల్యాబు ముందు ఆగి, లోపల బల్ల దగ్గర కూర్చున్నాయన్ని చూపించి దుమ్మెత్తిపోస్తుంది.

"ఈడి సేతులిరిగిపోను. ఆ దినం ఈడు నిజం సెప్పుంటే నా మనిషి నాకు దక్కేవోడు కదరా."

ఆయన మా బావని ఒక్కసారి కూడా చూడలేదు. నేను అక్క చెయ్యి పట్టుకుని, "పదక్కా, బస్సెల్లిపోద్ది" అంటాను.