చావు కబురులో థ్యాంకింగ్ యూ

మా అన్న ఆదోనిలో పత్తి వ్యాపారం చేసేవాడు. పోయిన ఏడు అతను చనిపోయిన మూడో రోజు, దుకాణంతో లావాదేవీలున్న మిల్లులకు ఆ కబురు ఇంగ్లీషులో రాసి పంపాలన్నాడు నాయన. వాట్సాప్‌లో పెడితే చాలదా అన్నాడు తమ్ముడు.

"మిల్లోళ్లు మనకు సుట్టాలా, వాట్సాప్‌లో పెట్టనీకి? దుకాణం పేరుండే కాగితం మీద పోవాల."

నేనే రాస్తాననుకున్నాను. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలు చదివేది నేనొక్కదాన్నే. నాయన తమ్ముడి భార్యను పిలిచాడు. ఎమ్మిగనూరు పిల్ల. పెళ్లయినప్పటి నుంచి అన్న పక్కన కూర్చుని దుకాణం ఉత్తరాలు చూసేది.

"నేను రాయనా, నాయనా?"

"నువ్వు సదివేదానివి లేమ్మా. యాపారం కాగితం ఆ పాపకు తెలుసు."

ఆమె పది నిమిషాల్లో రాసి, ఒకసారి చూడమని నా చేతికిచ్చింది. తప్పు దొరకాలని చదివాను. నాలుగే వాక్యాలు. అన్న పోయాడని చెప్పడానికి ఒక్క మాట కూడా ఎక్కువ వాడలేదు. నేనైతే అంత తక్కువలో ఆగేదాన్ని కాదేమో. సంతకానికి పైన మాత్రం 'థ్యాంకింగ్ యూ' అని ఉంది. మా మార్కెట్లో సరుకు అడిగినా, బేరం వద్దన్నా, ప్రతి ఉత్తరం చివరా అదే రాస్తారు.

"చావు కబురు చెప్పి థ్యాంకులెందుకు? ఎవరినైనా ఏదైనా అడిగినప్పుడు రాసే మాట అది," అన్నాను. నా గొంతులోని సంతోషం నాకే వినిపించింది.

"అవును వదినా. అలవాటులో రాసేసినాను." పెన్ను తీసి కొట్టేసింది. "బావ కూడా ఇదే సెప్తాండె. ఊరికే పెట్టొద్దు, అడిగినప్పుడే పెట్టాల అని. రెండు మూడుసార్లు తిట్టినాడు కూడా," అని కళ్లు తుడుచుకుంది.

నన్ను అన్న ఎప్పుడూ తిట్టలేదు. ఏదైనా రాసి చూపిస్తే, "నీకు నేను సెప్పేదేముందిలే," అని తిరిగి ఇచ్చేసేవాడు. ఇన్నేళ్లూ దాన్ని గౌరవమనుకున్నాను.

ఆమె కొత్త కాగితం మీద మళ్లీ రాసుకొచ్చింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

"ఇంకేమేం సెప్పినాడు నీకు?" అని అడిగాను.

నా మీద ప్రేమతోనే పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. చాలా ఉన్నాయి. కాసేపటికి, పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి లేచి వచ్చేశాను.