కారుకు మంచినీళ్ళు

బావి ఎండి రెండేళ్ళైంది. మేపడానికి గడ్డి లేక ఆ వేసవిలో ఎద్దుల జతను అమ్మేశాం. ఆ డబ్బుతో పాత డీజిల్ కారు ఒకటి తెచ్చి, కదిరి నుంచి లేపాక్షికి పోయే జనానికి బాడుగకు తిప్పుతానన్నాడు మా చిన్నవాడు. నేను వద్దనలేదు. వద్దంటే వాడు బతికేదెట్లా?

ఒక్క షరతు మాత్రం పెట్టాను. మావైపు ఎద్దును కొంటే మూడు దినాలు మడక కట్టి, దున్ని చూస్తాం. సాలులో పండుకుంటే వెనక్కి తోలేస్తాం. కారుకూ అదే మాట అడగమన్నాను. ముదిగుబ్బలో అమ్మే ఆసామి నవ్వి ఒప్పుకున్నాడు.

"మూడోనాడు పొద్దు గూకేలోపల తెస్తే దుడ్లు వాపసు. ఇంజన్ ఇప్పినారంటే మాత్రం కారు మీదే."

రెండోనాడు ముదిగుబ్బ దారిలో ఎత్తు ఎక్కుతుంటే కారు ఉడికిపోయి ఆగింది. లారీకి కట్టి కదిరికి లాక్కొచ్చారు. కబురు అంది నేను బస్సులో పోయేసరికి మెకానిక్ పెద్దాయన మూత ఎత్తి చూస్తున్నాడు. మావాడు గోడకానుకొని నిలబడ్డాడు.

"ఇంజన్ హెడ్డు పోయినట్లుండాదమ్మా. ఇప్పితే గానీ చెప్పలేను," అన్నాడు మెకానిక్.

ఇప్పితే కారు మాకే మిగులుతుంది. ఇప్పకపోతే రోగం తెలియదు.

"రేపు ఇచ్చేద్దాం మా," అన్నాడు మావాడు.

"ఇచ్చి? దుడ్లు మూటగట్టుకొని ఎన్నాళ్ళు తింటావు? ఉండు."

మా బావి ఇంజనుకు ఒకసారి హెడ్డు పగిలింది. నీళ్ళు ఆయిల్లో కలిసి మజ్జిగలా తెల్లబడింది. అదంతా తుడిచింది నేనే. అందుకే ఆయిలు చూపించమన్నాను. మెకానిక్ ఆయిలు కొలిచే కమ్మి తీసి ఇచ్చాడు. రెండు వేళ్ళ మధ్య రుద్దాను. నల్లగానే ఉంది, తెలుపు జాడ లేదు.

"ఏం మా, ఎద్దు పండ్లు చూసినట్ల చూస్తాండావే," అన్నాడు మెకానిక్. "ఆయిలు బాగున్నా ఒక్కోసారి హెడ్డు పోతాదిలే."

"పోనీలేప్పా. ఇప్పకుండా చూసేవి ముందు చూడు."

వేడి చల్లారాక రేడియేటర్ మూత తీశాడు. మూతి లోపల వేలు పెట్టి గోకాను. గోటి కింద తెల్లటి పెచ్చు ఊడి వచ్చింది. మా స్నానాల కాగులో పేరుకునేదీ అదే. అది పట్టిందంటే ఎన్ని కట్టెలు పెట్టినా నీళ్ళు కాగవు. ఇక్కడ నీళ్ళు చల్లారడం లేదు, అంతే తేడా.

"దీనికి ఉప్పునీళ్ళు తాగించినారురా," అన్నాను.

"అమ్మిన ఆయప్ప ఇంట్లో బోరునీళ్ళే పోస్తారంట మా. మనుషులకే మంచినీళ్ళు లేకుంటే కారుకు ఎవరు పోస్తారు?"

ఆ మాట తప్పు కాదు. నేనైనా అట్లే పోసేదాన్ని.

"రేడియేటర్ ఊడదీస్తే ఇంజన్ ఇప్పినట్ల కాదు గదా?" అని మెకానిక్‌ను అడిగాను.

"కాదులే మా."

కాగుకు పట్టింది పులుపుకే వదులుతుంది. పాత చింతపండు కొనుక్కొచ్చి, చిక్కగా పిసికి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి ఇచ్చాను. "రేడియేటర్‌కు పులుసు పోస్తాండాం," అని మెకానిక్ పక్క షాపువాళ్ళకు చెప్పి మరీ నవ్వాడు. పోయడం మాత్రం పోశాడు. మర్నాడు పొద్దున వంచితే సున్నపు పెచ్చులు గుప్పెళ్ళుగా రాలాయి. తేటనీళ్ళు వచ్చేదాకా కడిగించాను.

మధ్యాహ్నం మంచినీళ్ళు నింపుకొని, ఇంకో బిందె నా ఒళ్ళో పెట్టుకొని అదే ఎత్తుకు బయల్దేరాం. నేను చదివింది మూడో తరగతే అయినా అంకెలు వచ్చు. వేడి చూపించే ముల్లును నన్ను చూస్తుండమని, వాడు దారి చూసి తోలాడు. ఎత్తు సగంలో ముల్లు కొంచెం లేచింది. బిందెను గట్టిగా పట్టుకున్నాను. ముల్లు అక్కడే నిలిచింది. పైకెక్కాక ఆపి, ఇంజను ఆడుతుండగా మూత దగ్గర చెవి పెట్టాను. బుడబుడమని ఉడికే చప్పుడు లేదు.

"పొద్దు ఇంకా ఉండాది మా. ఆయప్ప ఇంటికి పోదామా?" అన్నాడు మావాడు.

"పోదాం. వాపసు ఇచ్చేదానికి కాదు, కొన్నామని చెప్పేదానికి."

ఆ తరువాత మా ఇంట్లో మంచినీళ్ళ బిందె దించగానే మొదటి చెంబు కారుకు. కోడలు ముఖం ముడుచుకునేది. మడక కట్టే ఎద్దుకు ముందు నీళ్ళు పెట్టకుండా మనం ఎప్పుడైనా తాగామా అని అడిగేదాన్ని.