నిండు పడవ బరువు

రేవు పక్కన షెడ్డులో, పడవలు లాగే బళ్లకు వెనక కొక్కేలు బిగించే ముసలి మెకానిక్కుకు ఒక అలవాటుంది. ఎవరు బండి తెచ్చినా ముందు టైర్లు తట్టి, బ్రేకు తొక్కి చూస్తాడు. పడవ బరువు నోటిమాటగా చెబితే ఒప్పుకోడు. డీజిల్ డబ్బాలు, వలలు, లంగరు అన్నీ పడవలో వేయించి, ట్రెయిలర్‌తో సహా కాటా ఎక్కిస్తాడు. మొన్న చిన్న కారు తెచ్చిన ఒకతను నవ్వాడు. "ఏంటి బాబాయ్, పడవకి పథ్యం పెడతావా? ఈ ఇంజను ఏనుగులా లాగుతుంది!"

"లాగుతుందిరా, ఎవరు కాదన్నారు? దిగుడులో ఆపుతుందా? ఇంతకు రెండింతల బండి తెచ్చుకో."

"మరీ చాదస్తం నీది. నడిపేది మా తమ్ముడు. వాడు చూసుకుంటాళ్లే, బిగించు."

ముసలాయన చెయ్యి ఆగింది. తొమ్మిదేళ్ల కిందట ఖాళీ పడవనే తూచి, "ఈ బండి చాల్రా" అని ఆయన తాళాలిచ్చింది సొంత తమ్ముడికే. తమ్ముడు వలలూ డీజిలూ నింపుకుని రేవు దిగుడులోకి వచ్చాడు. వెనక బరువుకు బ్రేకులు పట్టలేదు. పడవ బండిని నీళ్లలోకి నెట్టేసింది. పడవ మాత్రం తేలింది.

ఆయన పానా పెట్టెలో పెట్టేశాడు. "నేను బిగించను. ఇంకోచోట బిగిస్తారు, తెలుసు. తాళాలు మాత్రం నీ తమ్ముడి చేతికివ్వకు. నువ్వే నడుపుకో."