అక్క చేతిలోంచి లాక్కున్న గుడ్డు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ, కడుపుతో ఉన్న పక్కింటి అక్క చేతిలోంచి గుడ్డు లాక్కుందని అల్లూరులో మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. పిసినారితనమట! లాక్కున్న మాట నిజం. మిగతాదంతా కల్పన. అక్కడ ఉన్నది నేను, వాళ్ళు కాదు.

అప్పట్లో సర్కారు తుమ్మ ముల్లు దిగి మా కోడిపెట్ట కుంటుతోంది. అరికాలు వాచి, మధ్యలో నల్లటి పెచ్చు కట్టింది. గుడ్లు పెట్టడం మాత్రం మానలేదు. అవన్నీ అమ్మమ్మ అక్కకే పంపేది. తీసుకెళ్ళి ఇచ్చేది నేను.

కుంటు తగ్గకపోయేసరికి పెట్టను గంపలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు పెచ్చు తీసి, లోపలినుంచి శనగబద్దంత గట్టి చీముగడ్డను లాగాడు. ఇంతకుముందు మందేమైనా వేశారా అని ఆయన అడిగితే అమ్మమ్మ లేదంది. రొయ్యల గుంటల్లో పనిచేసే మా మామయ్య అక్కడ రొయ్యలకు వేసే మందుపొడి తెచ్చి రోజూ నూకల్లో కలుపుతున్నాడని నేను గొప్పగా చెప్పాను.

డాక్టరు చేయి ఆగిపోయింది. "ఆ గుడ్లు ఎవురికైనా ఇచ్చినారా? తిననియ్యబాకండమ్మా. మందు గుడ్డులోకి దిగతాది. ఉడకబెట్టినా పోదు."

అమ్మమ్మ పెట్టను అక్కడే వదిలి పరుగందుకుంది. ఆమె పరిగెత్తడం అదివరకు నేను చూడలేదు. మేం వెళ్ళేసరికి అక్క గుడ్డు పెంకు ఒలుస్తోంది. అమ్మమ్మ దాన్ని లాక్కుని గోడకేసి కొట్టింది. అక్క అత్తగారు శోకాలు పెట్టింది.

"నిండు నెలల పిల్ల నోటికాడ కూడు లాక్కుంటావా? సిగ్గులేదా నీకు?"

"తిట్టుకో వదినా. దీన్ని మాత్రం తిననియ్యను."

అరుపులు విని మామయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను నోరు తెరవబోతే అమ్మమ్మ నా మణికట్టు నొక్కింది. విషం పెట్టాడని వీధంతా కొడుకు మీద పడేకంటే, ఆ తిట్లేవో తనే పడదామనుకుంది. ఇంటికొచ్చాక మామయ్యకు అసలు సంగతి చెప్పి, ఆ పొడి పారబోయించింది. అక్క అంతకుముందు తిన్న గుడ్లను తలచుకుంటూ, కాన్పయ్యేదాకా అమ్మమ్మ సరిగ్గా అన్నం తినలేదు. బిడ్డ క్షేమంగా పుట్టింది. బారసాలకు మాకు పిలుపు రాలేదు.

కోడికి ఏం మందు వేశారో, ఎన్నాళ్ళయిందో అడగకుండా నేను ఇవాళ్టికీ నాటుగుడ్డు కొనను. నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. కానీ పెళ్ళిళ్ళలో ఆ పిసినారి కథ మొదలైనప్పుడల్లా మామయ్య కూడా అక్కడే కూర్చుని నవ్వుతాడు. అమ్మమ్మ పోయి ఇన్నేళ్ళయింది కదా, ఇప్పుడైనా ఆయన నోరెందుకు పెగలదు?