పిక్కలు చేసిన బోణీ

ఆ రోజుల్లో కాళ్లున్నవి నిలబడటానికేనని మా బాపు నమ్మకం. ఊళ్లో గొడవలై కాలేజీలు మూతపడితే నన్ను తీసుకెళ్లి చిక్కడపల్లిలోని మా ఇత్తడి సామాన్ల కొట్టులో నిలబెట్టాడు. నిజంగానే నిలబెట్టాడు. బోణీ కాకుండా కొట్టులో ఎవరూ కూర్చోకూడదు. "మనం కూసుంటే లక్ష్మి గూడ బయటనే కూసుంటది" అనేవాడు (ఆయన మాత్రం గుమ్మం ముందు మెట్టు మీద కూర్చునేవాడు, మెట్టు కొట్టులోకి రాదట). నేనేమో బేరంలో పైసా దిగని మొండివాణ్ణి, కాబట్టి బోణీకి మధ్యాహ్నమయ్యేది. పదిహేను రోజుల్లో చీలమండలు ఉబ్బి, పిక్కల మీద నీలం నరాలు తాళ్లలా తేలాయి.

నారాయణగూడ డాక్టరుగారు పిక్క నొక్కి చూశారు. "గుండె రక్తాన్ని కిందికి తోస్తది. మళ్ల పైకి పంపేది ఎక్కువగ ఈ పిక్క కండలే. నువ్ కదిలితేనే అవి సిరల్ని పిండుతయ్. లోపల చిన్న చిన్న తలుపులుంటయ్, ఎక్కిన రక్తాన్ని కిందికి జారనియ్యవు. నువ్వు స్తంభం లెక్క నిలబడితే ఎట్ల ఎక్కుతది?" గంటకోసారి నడవాలట. "కొట్టు ఇడిసిపోతే బాపు ఊకోడు సార్. సగం నడుస్త, మిగతా సగానికి గోలీలియ్యుండ్రి" అన్నాను. "ఇది గిన్నెల దుకాణం గాదు!" అని కసిరి, చివరికి నిలబడ్డచోటే మునివేళ్ల మీద లేచి దిగుతుండమని బేరం తెంచారు.

మర్నాడు అశోక్‌నగర్ పిన్నిగారొకావిడ వరసగా మూడోరోజు అదే బిందె కోసం వచ్చారు. తగ్గించమని ఆవిడ, కుదరదని నేను. కాళ్లు పీకేస్తున్నాయి, ఈ బేరం తెగితే గాని కూర్చోలేను. మధ్యలో ఎత్తు బల్ల ఉంది, నా కాళ్లు ఆవిడకు కనబడవు. మునివేళ్ల మీద లేచాను, దిగాను, మళ్లీ లేచాను. ఆవిడ గాభరాగా వెనక్కి తిరిగి వీధిలోకి చూశారు. "ఎవరి కోసమబ్బాయ్, అలా తొంగి చూస్తున్నావు? ఈ బిందె ఇంకెవరికైనా చెప్పావా ఏంటి?" నేను (పాపమని తెలిసీ) కాదనకుండా ఇంకోసారి లేచాను. చెప్పిన ధరే ఇచ్చి, బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయారు.

"బోణీ అయింది బాపూ!" అని స్టూలు లాక్కున్నాను. మెట్టు మీంచి అంతా చూసిన బాపు వచ్చి స్టూలు పీకేశాడు. "పాగలైనవార? గింత మంచి ఉపాయం దొరికినంక కూసుంటవా? లే, ఇంకో గిరాకీ వస్తున్నది. లేసి దిగు!"

ఆ తర్వాత ఆ కొట్టులో నేను కూర్చున్నది లేదు. వాపు మాత్రం తగ్గింది.

ఇప్పటికీ బ్యాంకు కౌంటరు ముందు తెలియకుండానే మునివేళ్ల మీద లేస్తుంటాను. అవతలి అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, "ఎవరు కావాలి సార్?" అంటుంది. ఎవరూ లేరమ్మా అంటాను గాని, లేచిన ప్రతిసారీ నా చూపు బాపు కూర్చునే మెట్టు కోసం వెతుకుతూనే ఉంటుంది.