కనిపించని బటన్

వరంగల్ నుంచి నర్సంపేట పోయే బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి దగ్గర మూడు ఫోన్లు చూసి, దొంగ సొత్తేమోనని నా సంచి దగ్గరకు లాక్కున్నాను.

నేను ఆసుపత్రి యాప్‌లో టోకెన్ తీసుకునే బటన్ దొరక్క తంటాలు పడుతుంటే చూసి, "పెద్దమ్మా, గా యాప్ మేమే చేసినం. జర ఫోన్ ఇస్తరా?" అంది. నమ్మలేదు. ఆమె తన ఫోన్లు మూడూ నా ఒళ్లో పెట్టింది. అప్పుడిచ్చాను.

"మీరు అక్షరాలు పెద్దగ పెట్టుకున్నరు. అందుకే బటన్ స్క్రీన్ కిందికి పోయింది. తప్పు మాదే, ఈ మూడు ఫోన్లల్ల యాప్ నడిపి చూసినం గానీ గిట్ల పెట్టి చూడలే," అంటూ తన ఫోన్ ఒకటి తీసుకుని నా స్క్రీన్‌ను ఫొటో తీసింది. నాకు మళ్లీ అనుమానం వచ్చింది.

ఆమె దిగిపోయాక ఫోనంతా వెతికాను. ఏమీ పోలేదు. కొన్నాళ్లకు ఆ యాప్‌లో అవే పెద్ద అక్షరాల కింద బటన్ కనిపించింది. ఈసారి ఎప్పటిలా కోడలిని పిలవకుండా నేనే నొక్కి టోకెన్ తీసుకున్నాను.